ఆమదాలవలస స్టేషనుకి రమ్మన్నదెవరు?

దెయ్యాలంటే నాకు నవ్వు. ముప్పయ్యేళ్లు కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా పనిచేశాను. శ్మశానం గోడ పక్కన స్తంభమెక్కి ఫ్యూజు వేసి, కిందికి దిగి అక్కడే క్యారేజీ విప్పి తిన్నవాణ్ణి. ఎవరికైనా ఏదో కనిపించిందంటే, ముందు వైరింగు చూపించుకో నాయనా అనేవాణ్ణి. ఇప్పుడు చెప్పేదాన్నీ దెయ్యం అనను. ఏమనాలో తెలియకే రాస్తున్నాను.

నా భార్య పోయి అప్పటికి మూడేళ్లు. పిల్లల్లేరు. శ్రీకాకుళంలో రెండు గదుల అద్దె ఇల్లు, నేను, టీవీ. రోజంతా నోరు విప్పకుండా గడిచిన రోజులున్నాయి. పాలవాణ్ణి ఆపి కావాలని రెండు మాటలు ఎక్కువ మాట్లాడేవాణ్ణి. సిగ్గుచేటే గానీ, నిజం.

2015 ప్రాంతంలో కొత్త ఫోను కొని, పరిచయాల యాప్ ఒకటి పెట్టుకున్నాను. అరవై ఒక్కేళ్ల లైన్‌మన్‌తో ఎవరు మాట్లాడతారు? అందుకని విజయవాడ ఇంజనీరునైపోయాను. పేరు విక్రమ్, వయసు నలభై రెండు. ఫొటో కావాలి కదా, బనియన్ డబ్బా మీద నవ్వుతున్న కుర్రాణ్ణి ఫోనుతో తీసి పెట్టేశాను.

వారం తిరక్కుండా శ్రావ్య పలకరించింది. హైదరాబాదులో బ్యాంకు ఆఫీసరట, ముప్పై ఆరేళ్లట. ఫొటోలో పూలగుత్తి తప్ప ముఖం లేదు. పొద్దున్నే తిన్నారా అని అడిగేది. అంతే, ఆ రోజుకి నాకు కడుపు నిండిపోయేది.

ఇద్దరం తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టేవాళ్లం. తెలుగు అక్షరాలు ఎలా తెప్పించాలో నాకు తెలియదు. అసలు తిప్పలు యాసతో. మనకి ‘ఏటి’ రాకుండా మాట సాగుతుందా? కొట్టడం, నాలిక్కరుచుకోవడం, చెరిపి ‘ఏమిటి’ అని దిద్దడం. విజయవాడవాడిగా బతకడం స్తంభమెక్కడం కంటే కష్టం బాబూ.

ఎనిమిది నెలలయ్యేసరికి భయం పట్టుకుంది. నిజం చెబితే ఆ పలకరింపు పోతుంది. చెప్పకపోతే ఆమెని ఎప్పటికీ చూడలేను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోను మోగింది. శ్రావ్య పేరు మీదే మెసేజీ వచ్చింది. కానీ తెలుగు అక్షరాల్లో ఉంది:

“ఏటీ ఏసాలు? ఒగ్గీ. నాది తెల్లజుట్టే, నీది తెల్లజుట్టే. ఆదోరం పది గంటలకి ఆమదాలవలస టేసన్లో బల్ల మీద కూకుంటాను. వస్తే రా, నేకపోతే నేదు.”

ముద్ద పళ్లెంలో పెట్టేసి మళ్లీ చదివాను. ‘ఒగ్గీ’ అంటే మా శ్రీకాకుళం వైపు వదిలెయ్యమని. హైదరాబాదు బ్యాంకు ఆఫీసరుకి ఆ మాటెలా తెలుసు? జవాబు రాసే ధైర్యం లేకపోయింది.

ఆదివారం తొమ్మిదిన్నరకే స్టేషన్లో ఉన్నాను. జుట్టుకి రంగేసుకుందామనుకుని మానేశాను. బల్ల మీద ఒక పెద్దావిడ, ఒళ్లో సంచి పెట్టుకుని, బండ్లని వదిలేసి మనుషుల్ని చూస్తోంది. నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది.

“బనీను డబ్బావోడివి నువ్వేనా?” అంది.

అవునని తలూపి పక్కన కూర్చున్నాను. ఆవిడ పేరు రత్నకుమారి. విజయనగరంలో నర్సుగా చేసి రిటైరైంది. యాభై ఎనిమిదేళ్లు, పెళ్లి చేసుకోలేదు. వాళ్ల తమ్ముడూ అవే బనియన్లు వేస్తాడట, మొదటి రోజే పోల్చేసిందట. మరి అన్ని నెలలు ఎందుకు మాట్లాడావని అడిగాను.

“తిన్నావా అంటే, నువ్వు తిన్నావా అని తిరిగడిగినోడు నాకు ఇంకొకడు దొరకనేదు” అంది.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. జనం చూస్తున్నారని కూడా అనుకోలేదు. టీ తాగుతూ ఆవిడ మెల్లగా అంది: “ముందు నువ్వు నిజం ఒప్పుకోబట్టే దైర్నం సేసి వచ్చినాను.”

నేనెక్కడ ఒప్పుకున్నాను? రమ్మని రాసింది నువ్వు కదా అన్నాను. ఆవిడ ఫోను తీసింది. అదే మెసేజీ, ఒక్క అక్షరం తేడా లేదు, విక్రమ్ పేరు మీద వచ్చింది. నా ఫోను పక్కన పెట్టాం. రెండింట్లోనూ ఒంటిగంటా ఇరవై. రెండింట్లోనూ వచ్చినట్టే ఉంది, పంపినట్టు ఎందులోనూ లేదు. పైగా ఆవిడ ఫోనులోనూ తెలుగు అక్షరాలు కొట్టే వీలు లేదు.

సెల్లు రిపేరు షాపతను రెండు ఫోన్లూ తిరగేసి, నెట్‌వర్కు అన్నాడు. నెట్‌వర్కుకి మా యాస ఎవరు నేర్పారని అడిగితే విసుక్కున్నాడు. పోయిన నా భార్య తమ్ముడు చదివి కళ్లు తుడుచుకుని, ఇది అచ్చం మా అక్క మాటే బావా అన్నాడు. రత్నకుమారి మాత్రం, చనిపోయిన తన తల్లి ఇలాగే కసురుకునేదంటుంది.

ఆర్నెల్లకి రిజిస్టరు పెళ్లి చేసుకున్నాం. మా ఇంట్లో ఇప్పుడు టీవీ వినబడదు, అంత వాగుతాం.

ఆ మెసేజీ ఎవరు పంపారో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. ఒక్కటే దారి కనిపిస్తుంది, మా ఇద్దరిలో ఎవరో ఒకరు ఇంకా అబద్ధమాడుతూ ఉండాలి. నేను పంపలేదు. ఆవిడా పంపలేదంది. నేను నమ్మాను.