విషం బండి బాల్యా

ఇప్పటివాళ్లకు చెప్తే నమ్మరు గానీ, ఎనభై ఆరు ఎండాకాలంలో మిర్యాలగూడ చుట్టుపక్కల మా బండికున్న పేరు ఏ నాయకుడి జీపుకూ లేదు. ట్రాక్టరు వెనక ట్రాలీ, దాని మీద మూతున్న ఇనుప ట్యాంకు, పక్కన డీజిల్ మోటరు, కాస్టిక్ సోడా సంచులు. ఏ గోదాములో పాత పురుగుమందు డ్రమ్ములు తుప్పుపట్టి కారుతున్నా అక్కడికి మేమే వెళ్లేవాళ్లం. మందును ట్యాంకులో పోసి, కాస్టిక్ నీళ్లు కలిపి, దాని విషం చచ్చేదాకా తిప్పేవాళ్లం. యుద్ధాల్లో మనుషుల మీద వదిలే విషాల్లో కొన్ని ఈ మందుకు దగ్గరి చుట్టాలేనని, పాతబడితే వాటినీ ఇట్లాగే చంపొచ్చని మా కెమిస్టు జగదీశ్ సారు చెప్పేవాడు. జనం మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు, విషం బండి అని.

నేను ఆ ట్రాక్టరు డ్రైవర్ని. మాది కోదాడ కాబట్టి నా మాటలో ఆంధ్రా యాస ఉందని బాల్యా ఏడిపించేవాడు. అతనిది త్రిపురారం దగ్గర గుట్ట మీది తండా. ట్యాంకులో మందు పోసేదీ, ఖాళీ డ్రమ్ములు కడిగేదీ అతనే. ఏప్రిల్ ఎండలో ఒంటినిండా రబ్బరు కోటు, గ్లౌజులు, బూట్లు, మొహానికి మాస్కు. సాయంత్రం బూట్లు వంచితే చెమట నీళ్లలా కారేది. నేనైతే ఒక్క గంటకే పారిపోయేవాణ్ని. అతను మాత్రం ఆ మాస్కులోంచే తండా పాటలు పాడేవాడు. అదేం పాటో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా ఆ గొంతు మళ్లీ వినాలని ఎంత ప్రాణం కొట్టుకుంటుందో చెప్పలేను.

అన్నీ అయ్యాక చివరి పని ఒకటుండేది. కడిగిన ప్రతి డ్రమ్ముకూ గడ్డపారతో బొక్కలు పెట్టాలి. ఎంత కడిగినా విషం పూర్తిగా పోదు, అందులో ఎవరూ నీళ్లు పట్టుకోకూడదు. అసలు గొడవంతా ఇక్కడే. ఆ రోజుల్లో ఖాళీ మందు డ్రమ్ము దొరికిందంటే ఇంటికి లక్ష్మి వచ్చినట్టే. నీళ్లకు అదే, గింజలకు అదే. బాల్యా గడ్డపార ఎత్తాడంటే చాలు, ఆడవాళ్లు అతని ఏడు తరాలనూ కడిగేసేవాళ్లు.

త్రిపురారం గోదాము దగ్గరికి ఒకరోజు అతని అక్క భూలి వచ్చింది. తల్లి పోయాక బాల్యాను సాకింది ఆమే. మొగుడు పోయి ఒంటరిగా ఉంటోంది. తండాలో నీళ్లు లేవు, గుట్ట కింది బావి నుంచి మోసుకోవాలి. ఆమె వచ్చి ఒక డ్రమ్ము మీద చెయ్యి వేసి, అందరికీ అర్థం కావాలనేమో, తండా భాషలో కాకుండా తెలుగులోనే అడిగింది.

"ఒక్కటియ్యి తమ్మీ. నా మోకాళ్లు సూడు, ఇగ గుట్ట ఎక్కుతలెవ్వు. నీళ్ల బండోనికి జెప్పి వారానికోపారి నింపిచ్చుకుంట."

"వద్దక్కా. గిది నీళ్లకు పనికిరాదు."

"నీ సేతులతోనే కడిగినవ్ గదరా! ఊళ్లె ఇంటింటికి ఉన్నయ్. ఎవలు సచ్చిండ్రు?"

బాల్యా ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకు తీశాడు. గడ్డపార ఎత్తి ఆ డ్రమ్మునే నాలుగువైపులా పొడిచాడు.

"ఇయ్యాల్టి సంది నాకు తమ్ముడు లేడు," అని భూలి వెళ్లిపోయింది. అతను మాస్కు తీసి, అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాటి నుంచి తెల్లారగానే కావడి భుజాన వేసుకుని, గుట్ట కింది బావి నుంచి రెండు బిందెల నీళ్లు మోసి అక్క గడప ముందు పెట్టేవాడు. ఆమె కొంగు మొహం మీదికి లాక్కుని లోపలికి పోయేది. నీళ్లు పారబోసేది కాదు, మాట్లాడేదీ కాదు. రెండేళ్లకు మా బండి పని ఆగిపోయింది. నేను మిర్యాలగూడలో రైసుమిల్లు లారీ ఎక్కాను, అతను అదే మిల్లులో హమాలీగా చేరాడు. అయినా కావడి మానలేదు. భుజం కాయ కాసింది, జుట్టు నెరిసింది.

"పలకని మనిషికి ఎన్నాళ్లు మోస్తావయ్యా?" అంటే, "తాగుతున్నది గదా గోపాలన్నా, సాలు," అనేవాడు.

తొంభై ఐదులో తండాకు బోరు వేశారు. భూలి ఇంటి ముందే నల్లా పెట్టారు. ఆ మర్నాడు పొద్దున్నే పనిమీద అటు పోతూ బాల్యా ఇంటి ముందు ఆగాను. వాకిట్లో కూర్చుని ఉన్నాడు. చాయ్ ఇచ్చాడు గానీ తను తాగలేదు. కావడి గోడకు ఆనించి ఉంది. ఇక అక్క గడప తొక్కడానికి అతనికి ఏ వంకా లేదు. 

అప్పుడే భూలి వచ్చింది, కుంటుకుంటూ, రెండు చేతుల్లో రెండు ఖాళీ బిందెలు పట్టుకుని. వాకిట్లో నిలబడి తమ్ముడి మొహంలోకి సూటిగా చూసింది.

"పొద్దెక్కింది. ఇయ్యాల నీళ్లు తేలేదేం తమ్మీ?"

బాల్యా లేచి ఆమె చేతుల్లోంచి బిందెలు అందుకున్నాడు. కావడి భుజాన వేసుకుని, ఆ కొత్త నల్లా ముందు నుంచే నడుచుకుంటూ, గుట్ట దిగి బావికి పోయాడు.