సింక్ ఆపిన పూట

ఆ మధ్యాహ్నం నేను ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆయన చెయ్యి విరిగేదా? ఏళ్ళుగా ఈ ప్రశ్నతోనే పాఠాలు చెప్పాను, పిల్లకు జడలు వేశాను, బస్సులెక్కి దిగాను. మొన్న పొద్దున రజిత ఫోన్ చేసింది. "సిస్టమ్ సార్ పోయిండు మేడం. గుండెనట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది. పగటి జొహర్ నమాజ్ అయినంక తీస్కపోతరట, జల్ది రాండ్రి." ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది.

నేను పనిచేసిన ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లన్నీ సిస్టమ్ సార్ చేతి కింద ఉండేవి. ఆఫీసులో విండోస్, మా ల్యాబుల్లో లైనక్స్. ఆయన రాకముందు మనిషికి రెండేసి ఖాతాలు, రెండేసి పాస్‌వర్డ్‌లు. ఒకటి గుర్తుంటే ఇంకొకటి మర్చిపోయేవాళ్ళం. ఆయన రెండింటినీ కలిపారు. విండోస్ జాబితాలో ఒక పేరు చేరిస్తే అరగంటలో లైనక్స్‌లోనూ ఆ పేరు వచ్చేది. అక్కడ మూసేస్తే ఇక్కడా మూతపడేది. దాన్నే అందరం సింక్ అనేవాళ్ళం. లైనక్స్ జాబితాను మాత్రం ఆయన చేత్తో ముట్టేవారు కాదు. "ఒక్క దిక్కే రాయాలె మేడం, రెండో దిక్కు అదే రాసుకుంటది. రెండు దిక్కులా చెయ్యి పెడితే, ఇక్కడ సచ్చినోడు అక్కడ బతికే ఉంటడు" అనేవారు.

భోజనమయ్యాక జేబులోంచి సోంపు తీసి ముందు ఎదుటివాళ్ళ అరచేతిలో పోసి, తర్వాత తాను వేసుకునేవారు. పాత టూత్‌బ్రష్‌తో కీబోర్డులు తోమేవారు. ఎవరి మీదా గొంతు పెంచగా నేను వినలేదు.

రజిత మా ల్యాబ్ అసిస్టెంటు. ఆమె భర్త అదే కాలేజీలో పరీక్షల విభాగంలో గుమాస్తా. ఒకరోజు పగిలిన పెదవితో వచ్చింది, ఇంకోరోజు మెడ మీద అయిదు వేళ్ళ అచ్చుతో. చివరికి నెక్కొండలో తల్లి దగ్గరికి వెళ్ళిపోయి, రోజూ రైలుకు రావడం మొదలుపెట్టింది. "యాడ దొరికినా తల పలగ్గొడ్త" అని వాడు క్యాంటీన్లో అందరి ముందే అన్నాడు. అప్పటినుంచి సిస్టమ్ సార్ ఆమెకు రోజుకో ల్యాబ్ మార్చి డ్యూటీ వేసేవారు. ఆ పట్టిక లైనక్స్‌లో ఉండేది, స్టాఫ్ ఖాతా ఉన్నవాళ్ళకే కనిపించేది. పరీక్షల విభాగం వాళ్ళకు అందులో పనుండేది కాదు. అయినా వాడిదీ స్టాఫ్ ఖాతానే.

ఒక సాయంత్రం వాడు వరండాలో ఆమెను జుట్టు పట్టి ఈడ్చాడు. మర్నాడే ఉద్యోగంలోంచి తీసేస్తారని తెలిసింది. అదే రోజు పొద్దున మా ల్యాబులో పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష. అంతకుముందోసారి పరీక్ష మధ్యలో సింక్ నడిచి పిల్లల ఖాతాలు బిగుసుకుపోయాయి. ఆ భయంతో పరీక్ష మొదలయ్యేముందు సార్‌కు ఫోన్ చేశాను.

"పరీక్ష అయ్యేదాకా సింక్ ఆపండి సార్."

"ఆపుత మేడం, ఫికర్ జెయ్యకుండ్రి. పరీక్ష ఒడవంగనే ఒక్క ఫోన్ కొట్టుండ్రి, మళ్ళ పెడ్త."

గంట తర్వాత వాణ్ణి తీసేసిన ఉత్తర్వు వచ్చింది. సార్ తన పద్ధతి ప్రకారం విండోస్‌లో ఖాతా మూసేశారు. పన్నెండింటికి పరీక్ష అయిపోయింది. నేను పేపర్లు కట్ట కట్టి, చేతులు కడుక్కుని, టిఫిన్ డబ్బా విప్పాను. ఫోన్ చెయ్యలేదు.

సింక్ ఆగి ఉండడంతో కింది ల్యాబులో లైనక్స్ మీద వాడి ఖాతా ఇంకా తెరుచుకుంది. రజిత మూడో ల్యాబులో ఉందని పట్టికలో చూశాడు. పక్కన కడుతున్న బ్లాకులోంచి ఇనుప సలాక తీసుకుని మెట్లెక్కాడు.

అరుపు విని నేను మూడో ల్యాబు గుమ్మం దాకా పరుగెత్తాను. మొదటి దెబ్బకు మానిటర్ పగిలి, రజిత చెవి సగం తెగింది. రెండో దెబ్బ ఆమె నడినెత్తికి ఎత్తాడు. అక్కడే వైరు మారుస్తున్న సార్ లేచి కుడి చెయ్యి అడ్డం పెట్టారు. ఎండు కట్టె విరిచినట్టు చప్పుడైంది. ఆయన ఎడమ చేత్తో సలాక గుంజుకుని వాడి భుజం మీద కొట్టారు. వాడు పడిపోయాడు. పడ్డాక మోకాలి మీద ఇంకోటి కొట్టారు. కీబోర్డు మీటల సందుల్లోకి నెత్తురు దిగుతోంది.

దవాఖానలో ఆయనే ఎత్తారు ఆ మాట. "నేను కొట్టిన మొదటి దెబ్బ రజితమ్మ కోసం మేడం. రెండోది నా కోపం. దానికి జవాబు నేనే జెప్పుకోవాలె."

విచారణలో కట్టు కట్టిన చేత్తో నిలబడి, "సింక్ ఆపింది నేనే, మళ్ళ పెట్టుడు మర్చిపోయింది నేనే" అన్నారు. నా వైపు చూడలేదు. విచారణ ముగిసేదాకా నేను ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చునే ఉన్నాను.

వాడు జైలుకు వెళ్ళాడు. ఆయన కుడి మోచెయ్యి వంగినట్టే బిగుసుకుపోయి మళ్ళీ సాగలేదు. ఎడమ చేత్తో టైపు చేయడం నేర్చుకున్నారు. "సగం చేతి పనికి పూర జీతమిస్తున్నరు, ఎవ్వరికి చెప్పకుండ్రి" అని నవ్వుతూ ఆ ఎడమ చేత్తోనే నాకు సోంపు పోసేవారు.

ఖిలా వరంగల్‌లో మట్టికోట లోపలి సార్ చిన్న ఇంటి ముందు, మొన్న నేను వెళ్ళేసరికి రజిత నిలబడి ఉంది. ఇక ఆగలేకపోయాను.

"ఆ రోజు సింక్ ఆపమన్నది నేను రజితా. మళ్ళీ పెట్టమని ఫోన్ చెయ్యనిదీ నేనే."

"ఎర్కనే మేడం. మీరు పొద్దుగాల ఫోన్ జేసినప్పుడు సార్ రూములనే ఉన్న. పన్నెండు దాటినంక వైరు కోసం పోతే సార్ రెండుసార్లు ఫోన్ దిక్కు జూసిండు. 'మేడం పరీక్ష ఇంక ఒడిసినట్టు లేదు' అన్నడు."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"సార్ చెప్పనిది నేనెట్ల చెప్త?" తెగిన చెవి మీదికి కొంగు లాక్కుంది. ఆ గొంతులో కోపం ఉందో లేదో నాకు అందలేదు.

జనాజా లేపారు. పాడె మీద తెల్లగుడ్డ కింద అంతా చదునుగా ఉంది, కుడి పక్కన మోచెయ్యి ఒక్కటే లేచి కనిపిస్తోంది. గుమ్మం దాటేటప్పుడు అది తలుపుకు తగలకుండా ఎవరో అరచెయ్యి అడ్డం పెట్టారు.

సార్ నన్ను కాపాడారా, లేక ఒప్పుకునే ధైర్యం నాకు లేదని అప్పుడే తేల్చుకున్నారా? నేనింకా తేల్చుకోలేదు.