ఎడమ సీటులో కాలు

నాది కుళ్ళు బుద్ధని మా ఆవిడ అంటుంది. నేను ఒప్పుకోను. ఎవరికి దక్కాల్సింది వాళ్ళకి దక్కాలి అనేవాణ్ణి కుళ్ళుబోతు అంటే, ఇక లోకంలో న్యాయం మాట్లాడేవాళ్ళందరూ కుళ్ళుబోతులే. జరిగింది చెప్తాను, ఎవరిది న్యాయమో మీరే తేల్చండి.

నర్సీపట్నంలో ఓ ప్రైవేటు స్కూల్లో నేను బస్సు డ్రైవర్ని. మా షెడ్డులో బస్సులు చాలానే ఉన్నా బస్సంటే నాతవరం బస్సే. కొత్తది. పవర్ స్టీరింగు, మెత్తటి సీటు, గేరు వేస్తే చప్పుడు కూడా రాదు. దారి కూడా అలాంటిదే, సగం దూరం తాండవ కాలువ పక్కనే, అటూ ఇటూ వరిచేలు. నాకిచ్చింది రోలుగుంట బస్సు. దాని క్లచ్ తొక్కీ తొక్కీ నా ఎడమ మోకాలు అరిగిపోయింది. వాన పడితే పిల్లలందరూ పొడిగా ఉంటారు, సరిగ్గా డ్రైవరు నెత్తిమీదే కారుతుంది.

నాతవరం బస్సు మా బావ నడిపేవాడు. బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. ఒకేసారి పనిలో చేరాం, ఒకే ఈడు, అలా పిలుపులు కలిశాయి. ఒకేసారి చేరినవాళ్ళలో ఒకడికి కొత్త బస్సు, ఒకడికి డొక్కు బస్సు ఎందుకొచ్చాయని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. పైకి అనలేదు.

జూన్‌లో స్కూలు తెరిచేముందు డ్రైవర్లందరికీ మత్తు పరీక్ష పెట్టారు. మా వైపు బండి నడిపేవాడంటే చాలు, పైన కొండల్లోంచి గంజాయి దింపుతున్నాడేమోనని ప్రతి చెక్‌పోస్టులో డిక్కీ తెరిపించే రోజులివి. పిల్లల్ని ఎక్కించుకునే వాళ్ళని పరీక్ష చెయ్యకపోతే ఎలాగని తల్లిదండ్రులు అడిగారట. ల్యాబు నుంచి ఒకాయన వచ్చి తలో ప్లాస్టిక్ కప్పూ ఇచ్చి బాత్రూముకి పంపాడు. తర్వాత ఒక్కొక్కరి కప్పులో ఒక్కో అట్టముక్క ముంచి బల్లమీద వరసగా పెట్టాడు.

నా అట్టముక్క మీద రెండు గీతలు వచ్చాయి. నాకు తెలిసిన అట్టముక్క ఒక్కటే. మా అమ్మాయి కడుపులో పడ్డప్పుడు మా ఆవిడ చూపించింది, రెండు గీతలుంటే ఉన్నట్టు, ఒక్కటుంటే లేనట్టు. బీడీ కూడా ముట్టనివాణ్ణి, నాకు రెండు గీతలేమిటని అక్కడే గచ్చుమీద కూలబడ్డాను. మిగతావాళ్ళకీ రెండేసి గీతలే. పెళ్ళాలు కడుపుతో ఉన్నప్పుడు ఆ అట్టముక్క చూసినవాళ్ళే అందరూ, అందరి మొహాలూ మాడిపోయాయి. బావకి మాత్రం ఒక్క గీత వచ్చింది. వాడు నా భుజం తట్టి, "నీకేటైనా అయితే నీ పిల్లని నాను సూసుకుంటాను బావా, బెంగెట్టుకోకు" అన్నాడు.

ల్యాబాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి అసలు సంగతి చెప్పాడు. ఈ అట్టముక్కల్లో లెక్క తిరగేసి ఉంటుందట. రెండు గీతలుంటే మనిషి శుభ్రం. ఒక్కటే ఉంటే ఒంట్లో గంజాయి ఉన్నట్టు.

బావ చెయ్యి నా భుజం మీదే ఉండిపోయింది. వాడి కప్పులో మిగిలింది విశాఖపట్నం ల్యాబుకి పంపిస్తే అక్కడా అదే తేలింది. వాడు బుకాయించలేదు, అది మాత్రం చెప్పుకోవాలి. వేసవిలో పెళ్ళి ట్రిప్పులు తిప్పినప్పుడు నడుం పట్టేసిందని, పాయకరావుపేట దగ్గర హైవే మీద దాబాలో లారీ వాళ్ళు ఇస్తే కాల్చానని, ఆ తర్వాత మానలేకపోయానని మా ట్రాన్స్‌పోర్టు ఇన్‌ఛార్జి గారి ముందు చెప్పేశాడు. తాళం బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తాళం ఆయన నాకిచ్చారు.

అయ్యో పాపం అనుకోలేదా అంటే అనుకున్నాను. కానీ తాళం జేబులో పడ్డాక ఆ పాపం ఎంతోసేపు నిలవలేదు. బస్సు కడిగాను, అద్దానికి కొత్త నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాను, సీటు నా కాళ్ళకి తగ్గట్టు జరుపుకున్నాను.

బావ పని అయిపోయిందనుకున్నాను. మామూలుగా అయితే అంతే, పొమ్మంటే పోవడమే. మా స్కూలు వాళ్ళు అలా చెయ్యలేదు. విశాఖపట్నంలో డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఆయన సరే అనేదాకా మందులూ కౌన్సెలింగూ నడవాలి, మళ్ళీ పరీక్షలో రెండు గీతలు రావాలి. అప్పుడు కూడా స్టీరింగు ఇవ్వరు. ముందు బస్సులో ఎడమ సీట్లో, అంటే తలుపు పక్కన ఆయాలు కూర్చునే సీట్లో, ఊరికే కూర్చుని తిరగాలి. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పరీక్షకి రావాలి. అన్నీ కుదిరితే స్టీరింగు. ఆ తర్వాత కూడా చెప్పకుండా పరీక్షలు పెడుతూనే ఉంటారు.

మంచిదే. కాదనను. కానీ ఆ నెలల్లో వాడికి జరిగిన మర్యాద చూస్తే మీకైనా కడుపు మండేది. కౌన్సెలింగ్ మేడమ్ వారం వారం ఫోన్ చేసి నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా అని అడుగుతుంది. ఇన్నేళ్ళలో నాకు నిద్ర పడుతోందా అని అడిగినవాళ్ళు లేరు. ఇన్‌ఛార్జి గారు బజారులో కనపడితే బండాపి వాడితో మాట్లాడతారు. బీడీ ముట్టనివాడికేమో రెండు గీతలూ, ఆయన బండి ఆపకుండా ఊపే ఓ చెయ్యీ. ఏడ్చే బిడ్డకే పాలని ఊరికే అన్నారా.

ఇంట్లో మరీ అన్యాయం. ఓ రోజు భోజనానికి కూర్చుంటే ఎండుమెత్తళ్ళు వేసిన వంకాయ కూర గిన్నెలో అడుగున కాస్త కనపడింది. మిగతాది ఏదని అడిగితే మా ఆవిడ బావ ఇంటికి పంపించానంది. "మందులు మింగి మింగి ఆ మడిసికి నోరు సచ్చిపోయుంటాది. నువ్వు రోజూ తింతన్నావు కదేటి," అంది. రోజూ తినేవాడికి విలువేముంది?

స్టాపుల్లోనూ అదే పాట. వారం తిరక్కుండా దారంతా సంగతి తెలిసిపోయింది. గంజాయి తాగేవాడి చేతిలో పిల్లల్ని పెట్టామా అని తిడతారనుకున్నాను. ఓ ఇద్దరు తిట్టారు కూడా. మిగతావాళ్ళందరూ, పాత బాబు ఎలాగున్నాడు, ఎప్పుడొస్తాడు అని నన్నే అడిగేవారు. వాళ్ళ పిల్లల్ని ఒక్క రోజు కూడా ఆలస్యం కాకుండా దించుతున్నది నేను.

వానలు తగ్గాక బావ తిరిగొచ్చాడు. చిక్కిపోయాడు, గడ్డం నున్నగా గీసుకున్నాడు. నా బస్సులో, ఇన్‌ఛార్జి గారు నా చేతికి తాళం ఇచ్చిన బస్సులో, ఎడమ సీట్లో కూర్చున్నాడు.

చివరి స్టాపులో కొండ దిగి వచ్చే ఓ తల్లి ఉంది. కూతుర్ని బస్సెక్కించి, కొండచీపుర్ల మోపు నెత్తిన పెట్టుకుని సంతకి పోతుంది. ఏ పండైనా సరే, ఆ ఏడాది మొదటి కాపులోంచి కొత్త పండని ఒకటి, అడ్డాకులో చుట్టి, తన పిల్లని తీసుకెళ్ళేవాడికి ఇవ్వడం ఆవిడ పద్ధతి. బావకి ఏటా ఇచ్చేదని నాకు తెలుసు. ఈసారి స్టీరింగు నాది కాబట్టి సీతాఫలం నాదేననుకుని అద్దం దించి చెయ్యి బయటపెట్టాను. ఆవిడ బస్సు చుట్టూ తిరిగి ఎడమ పక్క తలుపు దగ్గరికి వెళ్ళింది.

బావ ఆ పండు ఒడిలో పెట్టుకుని సగం ఇస్తానన్నాడు. నాకు పడదన్నాను. సీతాఫలం నాకు ప్రాణం.

వాణ్ణి ఎడమ సీట్లో పెట్టుకుని నడపడంలో అసలు బాధ మాత్రం పండు కాదు, వాడి కాలు. డ్రైవర్ని పక్క సీట్లో కూర్చోబెడితే కాలు ఊరుకోదు. అక్కడ బ్రేకు ఉండదు, అయినా మలుపు రాగానే తొక్కుతుంది. వాడు వచ్చిన కొత్తలో ఆ కాలు చచ్చినట్టు పడి ఉండేది. ఆవు అడ్డొచ్చినా కదిలేది కాదు. అది చూసి, వీడింక బండికి పనికిరాడని లోపల సంతోషపడ్డాను. దీపావళి దాటేసరికి కాలు లేచింది. ముందు నా బ్రేకు తర్వాత పడేది. తర్వాత నాతో పాటు పడసాగింది. చలి మొదలయ్యేసరికి నాకంటే ముందే పడుతోంది.

ఓ సాయంత్రం కాలువ మలుపులో ఆ కాలు బస్సు అడుగు రేకు మీద దభీమని పడింది. ఆ చప్పుడికి నేనూ తొక్కాను. బస్సు ఆగాక చూస్తే, కాలువ గట్టు మీంచి ఎక్కొచ్చిన గేదెదూడ బంపరు ముందు నిలబడి ఉంది. పిల్లలు సీట్ల మీదకి తూలి నవ్వారు. బావ నావైపు చూడలేదు. దూడ దారి దాటేదాకా కిటికీలోంచి చేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

నా కాలు ఆలస్యమైందని కాదు. వాడి కాలు ముందు పడింది. ఈ రెంటికీ తేడా ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఇన్‌ఛార్జి గారు నన్ను గదిలోకి పిలిచారు. డాక్టరు సరే అన్నారని, పరీక్షలన్నీ బాగానే వచ్చాయని చెప్పారు. "కానీ ఇన్నాళ్ళూ పక్కన కూర్చోబెట్టుకున్నది మీరు. పిల్లల బండి. మీరు ఊ అంటేనే ఇస్తాను. ఇవ్వొచ్చా?" అన్నారు.

వాడికిచ్చేది ఏ బస్సని అడిగాను. అలవాటైన దారి కదా, నాతవరమే అన్నారు. నాకు రోలుగుంట.

తాళం నా జేబులో తొడకి గుచ్చుకుంటోంది. ఒక్క చిన్న మాట చాలు. ఇంకొన్నాళ్ళు చూద్దామండీ. అది అబద్ధం కూడా కాదు. ఎవరైనా ఎప్పుడైనా అనగలిగే మాట. ఆ మాటంటే బస్సు నాది, కాలువ గట్టు నాది, వచ్చే ఏడు మొదటి సీతాఫలం నాది. వాడు ఇంకెన్నాళ్ళు ఎడమ సీట్లో ఆగుతాడు? ఏ లారీకో పోతాడు, మళ్ళీ ఆ హైవే, ఆ దాబా, ఆ లారీ వాళ్ళు. అది కూడా నాకు తెలుసు. తెలియనట్టు కూర్చుందామని చాలా ప్రయత్నించాను. చెవిలో ఆ రేకు చప్పుడు మోగుతోంది. వెనక సీట్లలో నవ్విన పిల్లలు ఏ బస్సు పిల్లలు? నాతవరం బస్సు పిల్లలే కదా.

"ఆడి కాలు నా కాలు కన్నా ముందు పడతందండి," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. "ఇచ్చెయ్యండి," అని తాళం బల్లమీద పెట్టాను.

బయటికి వస్తే బావ వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. మొహం చూడగానే తెలుసుకున్నట్టున్నాడు, వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నాకూ తిరిగాయి, కాకపోతే నావి వేరే నీళ్ళు.

మొదటి వారం వాడి పక్కన ఒక డ్రైవరు ఉండాలన్నది నిబంధన. ఇంకెవరుంటారు, నేనే ఎడమ సీట్లో కూర్చున్నాను. వాడు ముందుగా చేసిన పని సీటు వెనక్కి జరుపుకోవడం. ప్రతి స్టాపులో దండలు వెయ్యడం ఒక్కటే తక్కువ. కొండ దిగి వచ్చే ఆ తల్లి మళ్ళీ ఏదో అడ్డాకు పొట్లంతో వచ్చింది. ఈసారి తలుపు పక్కనున్నది నేను కదా అని చూశాను. ఆవిడ నాకేసి నవ్వి, చుట్టూ తిరిగి కుడిపక్క అద్దం దగ్గరికి వెళ్ళింది.

ఇక నా కాలు. మలుపు రావడం, నా కాలు రేకు మీద పడడం, పడేసరికి బస్సు అప్పటికే నెమ్మదించి ఉండడం. వారమంతా ఇదే వరస. బావ ఏ ఆర్భాటం లేకుండా, నీళ్ళు కూడా తొణక్కుండా నడుపుతున్నాడు. బాగా నడపకపోతే ఎంత బాగుండేదో.

ఆఖరి రోజు కాలువ మలుపు వస్తోంది. ఎదర గేదె లేదు, దూడ లేదు, సైకిలు కూడా లేదు. ఎండలో రోడ్డు ఖాళీగా ఉంది. నేను ఉన్న బలమంతా పెట్టి రేకు మీద దభీమని తొక్కాను.

బావ ఉలిక్కిపడి నావైపు చూశాడు. "ఏటి బావా, రోడ్డు మీద ఏటీ నేదు కదా?"

"ఉంటాదేమోనని," అన్నాను.

వాడు నవ్వి మలుపు తిప్పాడు. నేను నవ్వలేదు. రోడ్డు మీద ఏమీ లేకపోతేనేం, ఆ ఒక్క మలుపులో నా కాలే ముందు పడింది.