పటం మధ్యలో అంబులెన్సు

కోవిడ్ తర్వాత కాలేజీలు మళ్లీ గాడిలో పడిన రెండో విద్యాసంవత్సరం, జులై నెలలో, విజయవాడలో నేను పనిచేస్తున్న ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ గారు నన్ను 'పౌర విలువలు, బాధ్యతల విభాగం' కన్వీనరుగా నియమిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అప్పటికి నేను రాజనీతిశాస్త్ర శాఖాధిపతిని. శాఖలో నేను ఒక్కదాన్నే మిగిలాను కాబట్టి ఆ ఆధిపత్యం విషయంలో పోటీ లేదు. కొత్త విభాగానికి ఒక గది, ఒక బీరువా, నా పేరుతో ఒక రబ్బరు స్టాంపు ఇచ్చారు. బీరువా తాళం మాత్రం దొరకలేదు.

పౌర విలువల మీద మా యాజమాన్యానికి ఉన్నట్టుండి అంత మక్కువ ఎందుకు పుట్టిందో పాఠకులకు చెప్పాలి. దేశంలోని కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే విధానం ఒకటి ఉంది. కొన్నేళ్లకొకసారి బయటి ప్రొఫెసర్ల బృందం వచ్చి తనిఖీ చేస్తుంది. గ్రేడ్ బాగుంటే అడ్మిషన్లు బాగుంటాయి. వాళ్లు అడిగే ప్రశ్నల్లో ఒకటి, విద్యార్థులకూ సిబ్బందికీ పౌర బాధ్యతలు ఎలా అలవాటు చేస్తున్నారు అని. సమాధానంగా ప్రతి కార్యక్రమానికీ సర్క్యులరు, హాజరు పట్టీ, ఎక్కడ తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా ముద్ర పడే జియోట్యాగ్ ఫోటో, చివర నివేదిక చూపించాలి. ఇవి ఉంటే కార్యక్రమం జరిగినట్టు. కార్యక్రమం జరిగి ఇవి లేకపోతే జరగనట్టు. విద్యార్థి మారాడా లేదా అని అడిగే గడి ఆ పత్రాల్లో ఎక్కడా లేదు.

సిబ్బందితోనే మొదలుపెట్టాం. విద్యుత్ పొదుపు మీద సెమినార్ హాల్లో ఉపన్యాసం పెట్టాను. ఏసీలు, ఫ్యాన్లు, పట్టపగలు లైట్లు అన్నీ వేసుకుని అధ్యాపకులందరూ శ్రద్ధగా విన్నారు. అయిపోయాక బిస్కట్ ప్యాకెట్ల దగ్గర తోసుకుని, ఖాళీ కవర్లు కుర్చీల కింద వదిలేసి వెళ్లారు. మర్నాడు పరిశుభ్రత మీద ఉపన్యాసం. కవర్లు తియ్యొద్దనీ, వాటిని ఏరుతున్నట్టు ఫోటో కావాలనీ ఆఫీసు నుంచి కబురొచ్చింది. వనరులను పొదుపుగా వాడుకోవడమంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

ఇవన్నీ చిన్నవని కరస్పాండెంట్ గారికి అనిపించింది. ప్రైవేటు యాజమాన్యం తరఫున కాలేజీని నడిపే పెద్దను కరస్పాండెంట్ అంటారు. ప్రిన్సిపాల్ ఆయన కింద. ఆయన ఆలోచన ప్రకారం, గవర్నర్‌పేటలో నాలుగు రోడ్లు కలిసే చోట విద్యార్థులు చేతులు పట్టుకుని భారతదేశ పటం ఆకారంలో నిలబడాలి, పౌర బాధ్యతల ప్రతిజ్ఞ చెయ్యాలి. ఎదురుగా ఉన్న లాడ్జి మేడ మీద నుంచి ఫోటో తీయించాలి.

"మన గ్రౌండులోనే పెట్టుకుందామండీ, రోడ్డు మీద జనానికి ఇబ్బంది," అన్నాను.

"గ్రౌండులో ఎవరు చూస్తారు మేడమ్?" అన్నారాయన.

ట్రాఫిక్ పోలీసుల అనుమతి వచ్చింది. రోడ్డుకు ఒక పక్కగా కొద్దిసేపు నిలబడవచ్చు, వాహనాలు ఆగకూడదు అన్న షరతు దాని చివరి వాక్యంలో ఉంది. ఆ వాక్యాన్ని నేను ప్రిన్సిపాల్ గారికి చదివి వినిపించాను. "అనుమతి అయితే ఇచ్చారుగా," అన్నారు. మా కాలేజీలో ఏ కాగితాన్నైనా మొదటి వాక్యం వరకే చదవడం ఆనవాయితీ.

అనుకున్న రోజు పొద్దున జువాలజీ లెక్చరరు గారు కూడలిలో ముగ్గుపొడితో పటం గీశారు. ఏళ్ల తరబడి బొద్దింక జీర్ణవ్యవస్థ గీసిన చెయ్యి కావడంతో బాగానే వచ్చింది. గుజరాత్ మాత్రం కాస్త ఒళ్లు చేసింది. గీత మీద విద్యార్థులు చేతులు పట్టుకుని నిలబడ్డారు. వాహనాలు లోపలికి రాకుండా చుట్టూ తాడు కట్టాం. ఆటోలు, సిటీ బస్సులు, బళ్ల మీద సరుకు వేసుకున్న హోల్‌సేల్ కొట్లవాళ్లు నాలుగు వైపులా ఆగిపోయారు. కానిస్టేబుల్ ఒకాయన నా దగ్గరికొచ్చి, "ఎంతసేపండీ మేడమ్?" అని అడిగాడు. ముఖ్య అతిథి రాగానే అయిపోతుందన్నాను. ఆయన ఎక్కడున్నారని అడిగితే ప్రిన్సిపాల్ గారు, "దారిలో ఉన్నారు," అన్నారు. ముఖ్య అతిథులు ఇంట్లో స్నానం చేస్తున్నప్పుడు కూడా దారిలోనే ఉంటారు.

ఆయన వచ్చేలోగా విద్యార్థులు చెదిరిపోకుండా ప్రతిజ్ఞ చేయిస్తూ ఉండమన్నారు. నేను మైకులో ఒక్కో వాక్యం చదవడం, పిల్లలు తిరిగి చెప్పడం. రెండుసార్లు అయింది. మూడోసారి "ప్రభుత్వ ఆస్తిని నా సొంత ఆస్తిలా కాపాడతాను" అనే వాక్యం దగ్గర ఉండగా, ఒడిశా తీరం మీద నిలబడ్డ ఒకమ్మాయి రెండు పక్కల చేతులూ వదిలేసి గీత దాటి బయటికి నడిచింది. రూత్ అని, బీఏ ఆఖరి సంవత్సరం. కంకిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చేది. క్లాసులో ఎక్కువ మాట్లాడేది కాదు.

నేను చదవడం ఆపాను. లౌడ్‌స్పీకరు ఆగాక అందరికీ వినపడింది, సైరన్. సిటీ బస్సు వెనక అంబులెన్సు ఇరుక్కుని ఉంది. అది ఎంతసేపటి నుంచి మోగుతోందో మాకెవరికీ తెలియదు. మేము బాధ్యతల గురించి చెప్పుకుంటున్నాం.

ప్రిన్సిపాల్ గారు నా చేతిలోంచి మైకు అందుకున్నారు. "ఎవరూ చేతులు వదలొద్దు! ఇంకా ఫోటో కాలేదు!"

రూత్ అప్పటికే బస్సు డ్రైవరు కిటికీ దగ్గర ఉంది. "బాబాయ్, మీరు కొంచెం ఎడంపక్కకి తియ్యండి, వెనకాల అంబులెన్సు ఉంది," అంటోంది.

"ఎక్కడికి తియ్యనమ్మా, మీ పిల్లలేగా అడ్డం?" అన్నాడతను.

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, "తప్పుకోండ్రా!" అని అరిచింది. హేమంత్, నాగూర్ అని ఇద్దరబ్బాయిలు చేతులు వదిలేసి, మేము కట్టిన తాడు విప్పి లాగేశారు. మిగతావాళ్లు ప్రిన్సిపాల్ గారి వైపు చూశారు. ఆయన నా వైపు చూశారు. నేను పిల్లల వైపు చూసి, తప్పుకోమని చెయ్యి ఊపాను. పటం ఒడిశా దగ్గర తెరుచుకుంది. బస్సు పక్కకు జరిగింది. అంబులెన్సు దేశం మధ్యలోంచి వెళ్లి గుజరాత్ దగ్గర బయటపడింది. ఖాళీ దొరికింది కదా అని దాని వెనకాలే ఒక తెల్ల కారు కూడా దేశంలోకి దూసుకొచ్చి మధ్యలో ఆగింది. అందులోంచి ముఖ్య అతిథి దిగారు. చుట్టూ చూసి, "ప్రోగ్రాం అయిపోయిందా?" అని అడిగారు.

మర్నాడు ముగ్గురు విద్యార్థులకూ మెమోలు అందాయి. మెమో అంటే, చేసిన పనికి సంజాయిషీ చెప్పమని అడిగే కాగితం. 'ప్రిన్సిపాల్ ఆదేశాన్ని ధిక్కరించుట, జాతీయ పటమునకు భంగము కలిగించుట' అని అందులో నేరాలు. క్షమాపణ రాసిస్తే సరి, లేకపోతే హాల్‌టికెట్టు ఆపుతారు. డిగ్రీ ఆఖరి ఏడాది హాల్‌టికెట్టు ఆగితే ఏడాది పోతుంది. విచారణ కమిటీకి కన్వీనరు ఎవరని అడగనక్కరలేదు. రబ్బరు స్టాంపు నా దగ్గరే ఉంది.

హేమంత్, నాగూర్ ఆఫీసువాళ్లు ఇచ్చిన, తప్పేమిటో ఎక్కడా చెప్పని నమూనా చూసి క్షమాపణ రాసిచ్చేశారు. రూత్ రాయలేదు. ఈ పనికి పురిగొల్పింది ఎవరో, వెనక ఏదైనా విద్యార్థి సంఘం ఉందేమో కనుక్కోమని నాకు ప్రత్యేకంగా చెప్పారు. కమిటీ ముందు అడిగాను.

"ఎవరూ లేరు మేడమ్. సైరన్ వినిపించింది," అంది.

అది సరైన కారణం కాదని కమిటీలో పెద్దవాళ్లు అభిప్రాయపడ్డారు. సైరన్ అందరికీ వినిపించాలి కదా, ఒక్కరికే ఎందుకు వినిపించింది అని వైస్ ప్రిన్సిపాల్ గారి సందేహం. ఆయన లౌడ్‌స్పీకరు పక్కనే నిలబడ్డారు. రూత్ నిలబడ్డది దానికి దూరంగా, అంబులెన్సు వచ్చిన వైపు. ఆ సంగతి నేను చెబితే, భౌతికశాస్త్రం బోధించే ఆయన కాసేపు ఆలోచించి సబబే అన్నారు.

తర్వాత రూత్ తల్లిని పిలిపించారు. కంకిపాడు దగ్గర ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచరు ఆవిడ. బడికి సెలవు పెట్టి వచ్చారు. ప్రిన్సిపాల్ గారు కాఫీ తెప్పించి, పిల్ల భవిష్యత్తు గురించి మృదువుగా మాట్లాడారు. ఒక్క క్షమాపణ రాయించమన్నారు. ఆవిడ అంతా విని, సంచిలోంచి పెన్ను తీశారు.

"తప్పకుండా రాయిస్తానండీ. ఏం తప్పు చేసిందని రాయాలో ఆ వాక్యం మీరు చెప్పండి సార్. నేను దగ్గరుండి రాయిస్తాను."

ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు. "ప్రిన్సిపాల్ అనుమతి లేకుండా అంబులెన్సుకు దారి ఇచ్చినందుకు..." అని ఆగారు. అది చెవికి బాగోలేదని ఆయనకే తెలిసింది. "కార్యక్రమం మధ్యలో చెయ్యి వదిలినందుకు..."

"ఎందుకు వదిలిందో కూడా రాయాలి కదండీ. కారణం లేకుండా రాస్తే మా బళ్లో పిల్లల సెలవుచీటీ కూడా ఒప్పుకోం," అన్నారావిడ.

మళ్లీ మొదలుపెట్టారు. 'దారి' అన్న మాట రాకుండా వాక్యం పూర్తి కావడం లేదు. ఆ మాట వస్తే క్షమాపణ నిలవడం లేదు. తెలుగులోనే ఇబ్బంది ఉందేమోనని ఇంగ్లిషులో ప్రయత్నించారు. అక్కడా కుదరలేదు. నాకు సాయం చెయ్యమన్నట్టు చూశారు. నేను కాఫీ తాగుతున్నాను.

ఆవిడ పెన్ను మూత పెట్టేశారు. గొంతులో కోపం లేదు. "పోనీ, లోపల ఎవరున్నారండీ? బతికారా?"

మెమోలు తయారయ్యాయి, కమిటీ కూర్చుంది, పటం ఎక్కడెక్కడ తెగిందో వివరంగా రాసుకున్నాం. ఆ ప్రశ్న మాలో ఎవరికీ రాలేదు.

నేను ఆ సాయంత్రం కూడలికి వెళ్లి కానిస్టేబుల్‌ను అడిగాను. ఇబ్రహీంపట్నం వైపు నుంచి తెస్తున్న గుండెపోటు మనిషి అనీ, ఆస్పత్రిలో దించేటప్పటికి ప్రాణం ఉందనీ డ్రైవరు చెప్పాడట. అంతకు మించి ఆయనకూ తెలియదు. విచారణ నివేదికలో అది రాశాను. మేము చేయించిన ప్రతిజ్ఞలోనే అంబులెన్సుకు దారి ఇస్తామన్న వాక్యం ఉందనీ, విద్యార్థులు దాన్ని పాటించారనీ, చర్య అవసరం లేదనీ రాసి సంతకం పెట్టాను. కమిటీ సభ్యులు కూడా సంతకాలు పెట్టారు. వైస్ ప్రిన్సిపాల్ గారు మాత్రం తన సంతకం పక్కన 'చూశాను' అని రాశారు. ఆఫీసు భాషలో దానికి అర్థం, రేపు గొడవైతే నాకు సంబంధం లేదు అని.

నివేదిక ప్రిన్సిపాల్ గారి బల్ల మీద కదలకుండా పడి ఉంది. హాల్‌టికెట్టు సంగతి తేలలేదు. రూత్ రోజూ క్లాసుకు వచ్చి నోట్సు రాసుకుని వెళ్లేది. ఇంతలో ఒక ఆదివారం, లాడ్జి మేడ మీద నుంచి మేము మాట్లాడుకున్న ఫోటోగ్రాఫరు తీసిన బొమ్మ ఒక దినపత్రిక జిల్లా పేజీలో పెద్దగా వచ్చింది. ముగ్గుపొడి పటం, రెండు పక్కలకు జరిగిన విద్యార్థులు, మధ్యలో అంబులెన్సు. కింద మా కాలేజీ పేరు, 'ఆదర్శ విద్యార్థులు' అన్న మాట.

సోమవారం నాటికి విచారణ సన్మానంగా మారింది. అవే కుర్చీలు, అదే కమిటీ, కన్వీనరు కూడా నేనే. కరస్పాండెంట్ గారు రూత్‌ను గదికి పిలిచి, ఇలాంటి క్రమశిక్షణే తాము నేర్పాలనుకున్నదని చెప్పారు. అందరి ముందు శాలువా కప్పుతామన్నారు.

"శాలువా వద్దు సార్," అంది రూత్. "హేమంత్, నాగూర్ రాసిచ్చిన క్షమాపణలు ఇప్పించండి. వాళ్లు తాడు లాగకపోతే బండి వెళ్లేది కాదు."

అవి ఫైల్లో చేరాయనీ, పేజీ నంబర్లు పడ్డాయనీ ప్రిన్సిపాల్ గారు అన్నారు.

"నంబర్లు మళ్లీ వేసుకోండి," అన్నారు కరస్పాండెంట్ గారు. ఆ ఉదయం ఆయన చాలా ఉదారంగా ఉన్నారు.

కాగితాలు ఆ అబ్బాయిల చేతికి వచ్చాయి. నాగూర్ నా ముందే చింపేశాడు. హేమంత్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, "మా నాన్నకి చూపిస్తాను మేడమ్, నేను ఇంత బాగా తెలుగు రాస్తానని నమ్మడు," అన్నాడు. రూత్‌కు శాలువా కూడా కప్పారు. కార్యక్రమ పట్టికలో అచ్చయిపోయింది కాబట్టి తప్పలేదు.

తనిఖీ బృందం వచ్చినప్పుడు ఆ ఫోటోను ఫ్రేము కట్టించి ప్రిన్సిపాల్ గారి గది గోడకు తగిలించారు. విద్యార్థులకు ఇలా స్పందించేలా ముందే శిక్షణ ఇచ్చామని ఆయన వివరించారు. బృందం తల ఊపింది. ఆ ఏడాది మా గ్రేడ్ ఒక మెట్టు పెరిగింది. రూత్ పరీక్షలు రాసి, పాసై, బీఎడ్‌లో చేరింది.

మరుసటి ఏడాది, నా పదవీ విరమణకు ముందు, మళ్లీ మానవహారం సర్క్యులరు నా సంతకానికి వచ్చింది. అనుభవం నుంచి నేర్చుకున్నామని చూపడానికి కొత్త నిబంధన చేర్చారు: 'అంబులెన్సు వచ్చినచో, కన్వీనరు అనుమతి పొందిన పిమ్మట మాత్రమే దారి ఇవ్వవలెను.' ఆ వాక్యం కొట్టేసి, వేదిక దగ్గర 'కాలేజీ గ్రౌండు' అని దిద్ది సంతకం పెట్టాను. ప్రిన్సిపాల్ గారు మొదటి వాక్యం వరకే చదివి ఆమోదించారు.

ఉద్యోగంలో నేను చాలా కార్యక్రమాలు నిర్వహించాను, వాటిలో ఎక్కువ భాగం ఎవరికీ ఏ ఇబ్బందీ కలిగించలేదు. ఈ ఒక్కటి నాకు నేర్పినది ఇది: బాధ్యత నేర్పుతామని బయలుదేరేవాళ్లు, ఎవరైనా నిజంగా నేర్చుకుంటే ఏం చెయ్యాలో ముందుగా నిర్ణయించుకోవాలి. మా కాలేజీలో ఆ ఏర్పాటు లేదు.