ఇరవై నాలుగు గంటలు లేని లోకం కోసం జంతర్ మంతర్ దాకా

ఢిల్లీ చూడాలంటే ఎవరైనా ఎర్రకోటతోనో కుతుబ్ మీనార్‌తోనో మొదలుపెడతారు. మేము మాత్రం ఒక చార్టు మీద ఎర్ర సిరా చూసి బయలుదేరాం. మా అమ్మాయి సంహిత ఆరో తరగతి. బడిలో సైన్సు ఎగ్జిబిషన్‌కి ‘వేరే గ్రహం వాళ్ళు కాలాన్ని ఎలా కొలుస్తారు’ అనే విషయం ఇచ్చారు. పిల్ల వారం రోజులు కూర్చుని ఒక గ్రహాన్నే తయారు చేసింది. చంద్రుడు మనకి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు కదా, ఆ గ్రహం కూడా తన సూర్యుడికి అలాగే ఒకే ముఖం చూపిస్తుందట. ఒక పక్క ఎప్పటికీ ఎండ, రెండో పక్క ఎప్పటికీ చీకటి. పొద్దు పొడవడం లేదు, కుంకడం లేదు. అందుకని అక్కడివాళ్ళు ఒక ఆకలి నుంచి ఇంకో ఆకలి దాకా ఒక పూట అనుకుంటారు. ‘రేపు’ అనే మాట లేదు, ‘ఇంకో నిద్ర తరువాత’ అంటారు. అందరూ కలిసి చేయాల్సిన పనులకు మాత్రం ఊరి మధ్య చిల్లుకుండలో నీళ్ళు పోసి, అది ఖాళీ అయ్యేదాకా లెక్క పెడతారు. చదివి మురిసిపోయాను. వాళ్ళ టీచరు ఆ చార్టు మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, ‘తప్పు, రోజుకు ఇరవై నాలుగు గంటలు, సోమవారానికి మళ్ళీ రాయకపోతే ఎగ్జిబిషన్‌లో పెట్టం’ అని రాసి పంపింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రశ్న వాళ్ళే అడిగి, జవాబు కూడా వాళ్ళే చెప్పేటట్టయితే పిల్లలెందుకట? మా ఆయన పేపరు మడిచి, “ఇరవై నాలుగు అని రాసేస్తే పోయేదానికి ఇంత గొడవెందుకే” అన్నారు. ఆయన మాటకంటే నన్ను ఎక్కువ పొడిచింది సంహిత మాట. “ఛోడో నా అమ్మా, వదిలెయ్, ఇరవై నాలుగే రాసేస్తా. మ్యామ్‌కి అదే కావాలి” అంది. పదకొండేళ్ళకే ఎవరికి ఏది కావాలో అది రాసిచ్చే తెలివి వచ్చేసింది పిల్లకి. ఆ తెలివి దానికి అంటకుండా ఆపాలనిపించింది. గడియారాలు రాకముందు మనవాళ్ళే కాలాన్ని ఎలా కొలిచారో దీనికి కళ్ళారా చూపిస్తాను, అప్పుడు ఇరవై నాలుగని ఎలా దిద్దుకుంటుందో చూస్తాను అనుకుని, శనివారం పొద్దున్నే, పూర్వం ఒక రాజు ఎండానీడలతో టైము చూడటానికి కట్టించిన జంతర్ మంతర్‌కి ప్రయాణం కట్టాను.

మీరు కూడా మాలాగా ఢిల్లీని ఆనుకుని యూపీలో ఉన్న ఇందిరాపురం నుంచి వెళ్ళేటట్టయితే ఒకటి ముందే తెలుసుకోండి. యూపీ నంబరు ఆటో ఢిల్లీలోకి రాదు. ఇటు దుమ్ము అటు పోతుంది, అటు పొగ ఇటు వస్తుంది, ఆటో మాత్రం పోదు. తొమ్మిదిన్నరకి బయలుదేరి యాభై రూపాయలిచ్చి ఆనంద్ విహార్ బోర్డరు దాకా వెళ్ళాం. “ఇంకో రెండడుగులు ముందుకి పోనీయొచ్చుగా భయ్యా” అంటే, “ఆ రెండడుగులకీ చలాన్ మీరు కడతారా దీదీ?” అన్నాడు డ్రైవరు. దిగి నడిచి, బస్టాండులో కన్నాట్ ప్లేస్ వైపు పోయే బస్సెక్కాం. టికెట్టు మనిషికి పది రూపాయలు. ఐటీఓ చౌరస్తా దగ్గర బస్సు అరగంట కదల్లేదు. బస్సు దిగాక పార్లమెంట్ స్ట్రీట్‌లో పది నిమిషాల నడక. లోపలికి నాకు అయిదు రూపాయల టికెట్టు, పిల్లకి లేదు.

లోపల అన్నిటికంటే పెద్దది సమ్రాట్ యంత్రం. మేడంత ఎత్తున ఏటవాలు గోడ, దానికి రెండు పక్కలా వంపు తిరిగిన అరుగులు. గోడ నీడ ఆ అరుగు మీద ఎక్కడ పడితే అంత టైము అన్నమాట. గీతలు చాలావరకు అరిగిపోయాయి, ఉన్న నాలుగింటి పక్కనా ప్రేమికుల పేర్లు చెక్కేశారు. రాజు కట్టించినదాని మీద పేరు చెక్కుకునే వీళ్ళ చేతులు విరగ! సంహిత మాత్రం అదేమీ పట్టించుకోకుండా వంగి, వేలితో గీతలు లెక్కపెట్టి, “పదకొండుంబావు అమ్మా” అంది.

నా చేతి గడియారం చూసుకున్నాను. సరిగ్గా పన్నెండు. “కాదు, మళ్ళీ చూడు” అన్నాను. మళ్ళీ చూసింది. మళ్ళీ పదకొండుంబావే. “సరిగ్గా లెక్కపెట్టడం రాదా నీకు?” అని కసిరాను. అరుగు పక్కన ఎండలో నిలబడ్డ మఫ్లర్ చుట్టుకున్న కాపలా మనిషి, పెద్దాయన, దగ్గరికొచ్చి, “బిటియా సరిగ్గానే చెప్పింది మేడమ్” అన్నాడు.

“ఎలా సరిగ్గా? ముప్పావుగంట తేడా ఉంటే సరిగ్గానా? చెడిపోయినదానికి టికెట్టు కూడా పెట్టారు!”

“చెడిపోలేదు మేడమ్. మీ ఘడీ అలహాబాద్ వైపు సూర్యుణ్ణి చూసి నడుస్తుంది, దేశమంతా అంతే. ఇది ఢిల్లీ సూరజ్‌ని చూస్తుంది. ఇక్కడికి ఆయన ఇరవై నిమిషాలు లేటు. ఈ ఫిబ్రవరిలో అయితే ఇంకో పావుగంట లేటు.”

“లేటేమిటండీ లేటు! పన్నెండంటే పన్నెండే. దేశమంతటికీ ఒకటే టైము. మీ రాయి ఒప్పుకోకపోతే రాయిదే తప్పు!” నా గొంతు ఎంత లేచిందంటే, ఫోటోలు తీసుకుంటున్నవాళ్ళు ఇటు తిరిగారు. సంహిత నా కొంగు పట్టుకుని మెల్లగా, “అమ్మా, హమారీ ఘడీ భీ దస్ మినిట్ ఆగే హై” అంది. అవును. ఆఫీసు ఛార్టర్డ్ బస్సు తప్పిపోతుందని మా ఇంట్లో గడియారాలన్నీ పది నిమిషాలు ముందుకి తిప్పి పెట్టిందాన్ని నేనే. రోజూ అబద్ధమని తెలిసి చూసుకునే గడియారాన్ని పట్టుకుని రాయితో తగువు పెట్టుకున్నాను. నేను ఇంకా ఏదో అనబోతుంటే సంహిత అంది, “నువ్వు మ్యామ్‌లాగే మాట్లాడుతున్నావ్.”

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను. పెద్దాయనకి సారీ చెప్పాను. ఆయన, “అందరూ నాతో కొట్లాడే వెళ్తారు మేడమ్, ఠీక్ హై” అని నవ్వి, సంహితని రెండో అరుగు దగ్గరికి తీసుకెళ్ళి మధ్యాహ్నం తరువాత నీడ ఎటు మారుతుందో చూపించాడు. అది తన గ్రహం గురించి అరగంట చెప్పింది. ఆయన ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు.

బయట బండి దగ్గర ఛోలే కుల్చే తిన్నాం, ప్లేటు పది రూపాయలు. బండివాడిని “ఎన్నింటిదాకా ఉంటావు భయ్యా?” అని అడిగితే, “పతీలా ఖాళీ అయ్యేదాకా దీదీ” అని ఛోలే గిన్నె చూపించాడు. సంహిత నా వైపు చూసి, తన చిల్లుకుండ గెలిచినట్టు నవ్వింది. సాయంత్రం నాలుగున్నరకి ఇల్లు చేరాం.

ఆదివారం అది చార్టులో ఒక్క అక్షరం మార్చలేదు. అడుగున మాత్రం ‘ఇది భూమి కాదు’ అని రాసింది. సోమవారం చార్టు అలాగే తిరిగొచ్చింది, ఎగ్జిబిషన్‌లో దానికి చోటు లేదు. నేను బడికి వెళ్ళి అడిగాను. “సిలబస్ ప్రకారమే దిద్దుతాం మేడమ్” అంది టీచరు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. అన్నాను కూడా, అన్నీ కాదు. ఎగ్జిబిషన్ రోజున థర్మోకోల్ గ్రహాల మీద వరుసగా ఇరవై నాలుగు గంటల గడియారాలు అతికించి ఉన్నాయి. సంహిత వచ్చినవాళ్ళకి బొట్టు పెట్టే పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. నాకింకా మండుతూనే ఉంది. ఏ లోకంలోనైనా కాలాన్ని ఎన్ని రకాలుగానైనా కొలుచుకోవచ్చు, ఆ కొలిచినవాడి మాట ముందు వినాలి, అంతే కదా. వినకుండా గీత కొట్టినవాళ్ళ మీద నా కోపం పోదు, ఆ వరుసలో ఒకపూట నేనూ నిలబడ్డాను కాబట్టి అస్సలు పోదు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. ఎండ బాగా కాసే రోజు చూసుకుని పదకొండు, రెండు మధ్యలో వెళ్ళండి, మిగతా వేళల్లో చుట్టూ ఉన్న మేడల నీడ అడ్డొస్తుంది. పిల్లల్ని తీసుకెళ్తే గీతలు ముందు వాళ్ళనే లెక్కపెట్టనివ్వండి, వాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా మీరు నోరు విప్పకండి.