నీ దిక్కు గీత

మా మామ పోయారు. కుంభారిలో, చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పడానికి వెళ్ళే ఆడవాళ్ళను నా ఆటోలో ఎక్కించుకుంటుంటే పక్కింటి అక్క ఫోన్ చేసి చెప్పింది. అన్నం తిని మంచం మీద నడుం వాల్చారట, మళ్ళీ లేవలేదట. ఆ మాట విన్నాక కూడా నాకు ముందు తోచింది, బండిని దారికి అడ్డం లేకుండా తీయాలని. అది ఆయన నేర్పిన అలవాటే.

మీలో ఆయనను ఎరిగినవాళ్ళు తక్కువ. జోడ్‌భావి పేట్‌లో మరమగ్గాల మీద తువ్వాళ్ళు నేసి, ఆ షెడ్డు మూతపడ్డాక ఆటో పట్టిన మనిషి. ఆయన ఒక్కగానొక్క కొడుకే నా భర్త. దాటకూడని చోట పసుపు గీత దాటి, ముందున్న బస్సును దాటిపోవాలని చూసి, ఎదురుగా వచ్చిన లారీ కింద పడ్డాడు. అప్పటికి నా చేతిలో చంటిపిల్ల. ఇక నేను పుట్టింటికి పోవాల్సిందేనని చుట్టాలంతా తేల్చేశారు. మామ ఒక్కరే అడ్డుపడ్డారు.

"ఎందుకు పోతది? ఆటో గాడి ఉన్నది గద. నేను నేర్పిస్త."

కొడుకును పొట్టన పెట్టుకున్న రోడ్డు మీదికే కోడల్నీ పంపుతాడా అని అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. ఆయనకు భయం లేదనుకుంటే పొరపాటు. భయం ఉంది కాబట్టే మొదట రోడ్డెక్కనివ్వలేదు. అత్తమ్మ వాడే ముగ్గుడబ్బా తనే తీసుకుని గల్లీలోనే రోడ్డు గీతలన్నీ వేశారు. ఎన్నడూ ముగ్గు పట్టిన చెయ్యి కాదు, అన్నీ పాముల్లా వంకర్లే.

"ఏంది, ఇయ్యాల నాగులపంచమా?" అని అత్తమ్మ నవ్వింది. ఆ ఇంట్లో చాలా రోజులకు వినబడిన నవ్వు అది.

"తెగిన గీతైతే ముంగట చూస్కొని దాటొచ్చు. తెగనిదైతే దాటొద్దు," అని చూపించేవారు. "రెండు గీతలు జోడుగుండి, ఒకటి తెగి ఒకటి తెగకుంటే? నీ దిక్కు ఏదున్నదో గదే నీకు. అవతలిది అవతలోనికి." చుట్టాల మాటలకు నేను ఏడ్చినప్పుడు కూడా ఆయన ఓదార్పు ఇదే. "నీ దిక్కు గీత చూస్కో బిడ్డా."

మొదటిసారి పెద్ద రోడ్డెక్కిన రోజు, నడిమధ్య తెల్ల రంగుతో వేసిన బాణం గుర్తు కనబడగానే బండిని పక్కకు తిప్పేశాను. ముగ్గు తొక్కకూడదని చిన్నప్పటి నుంచీ ఒంటికి పట్టిన అలవాటు. వెనక బండివాడు మరాఠీలో తిట్టిపోశాడు. నా ఆటోలోనే వెనక కూర్చున్న మామ పొట్ట పట్టుకుని నవ్వారు.

"అది ముగ్గు గాదే బిడ్డా! దాని మీదికెళ్ళే పోవాలె."

నవ్వుతూ నవ్వుతూనే కండువా కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. "వానికి గూడ నేనే నేర్పిస్తి. తెల్వక గాదు, అన్ని తెలిసే దాటిండు." కొడుకు గురించి ఆయన నాతో అన్నది అదొక్కటే. ఆ దుఃఖం ఎంత బరువో నాకు ఆ రోజు తెలిసింది.

కర్మలు అయ్యాక నిన్న మళ్ళీ బండి తీశాను. దారిలో ఒక చెరుకు ట్రాలీ అడ్డం తగిలింది. పక్కన తెగని పసుపు గీత. ఎదురు రోడ్డు ఖాళీగానే ఉంది. వెనక ఒకటే హారన్లు.

"దాటెయ్ వదినా, కార్ఖానాల తిడ్తరు," అంది వెనక సీట్లోని పిల్ల.

ఆమె పక్కనున్న పెద్దామె అందుకుంది. "తిడితే తిట్టనియ్. సావకాశ్ పోనీ బిడ్డా. మల్ల ఇంటికి రావాలె గద."

నాకు ఏడుపు ఆగలేదు. ట్రాలీ నుంచి వేలాడే చెరుకాకులు రోడ్డును ఊడ్చుకుంటూ పోతున్నాయి. నేను గీతకు ఇవతలే, వాటి వెనకాలే పోయాను.