అరికాలి మచ్చకు వందలో ఎన్ని?

నేను ఇంతవరకు పదో తరగతి తప్పలేదు. ఎనిమిదిలోనే బడి మానేసినవాణ్ణి పదిలో తప్పించడం ఏ బోర్డు తరమూ కాదు. అలాంటి నేను అమీర్‌పేటలో ఫ్లెక్సీ బోర్డుల దుకాణం పెట్టి, ఇంజనీరింగ్ చదివి వచ్చిన పిల్లలకు ఏ కోర్సులో చేరాలో కరెంటు స్తంభాల మీద నుంచి చెప్పేవాణ్ణి. జావా అంటే ఏమిటో, టెస్టింగ్ అంటే దేన్ని టెస్ట్ చేస్తారో నాకు తెలియదు. అక్షరం ఎంత పెద్దదైతే అంతమంది చేరతారని మాత్రం తెలుసు.

సాఫ్ట్‌వేర్ గాలి జోరుగా వీస్తున్న రోజులవి. మా గల్లీలో ఎవరి నోట విన్నా రెండే మాటలు: ప్రాజెక్టు, వీసా. అప్పుడే నా కుడి అరికాల్లో ఒక నల్లమచ్చ మొలిచింది. అరికాల్లో మచ్చ ఉంటే విదేశీ యోగమని మనవాళ్ళ నమ్మకం కదా. బోర్డు ఆర్డరివ్వడానికి వచ్చిన ఒక కుర్రాడు దాన్ని చూసి, "అన్నా, నీకు వీసా పక్కా" అన్నాడు. తెల్లారి తన వీసా ఇంటర్వ్యూకు పోతూ పోతూ నా పాదానికి దండం పెట్టుకుని పోయాడు. వాడికి వీసా వచ్చింది. ఇక చూసుకోండి, హాస్టల్ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా చెప్పు విప్పించడమే పని. మచ్చ నెలనెలా పెరుగుతుంటే నేను మురిసిపోయాను. మొదట్లో దుబాయి సైజు ఉండేది, అమెరికా సైజుకు వచ్చిందని చెప్పుకున్నాను.

మడమ పగుళ్ళకు మందు రాయించుకుందామని చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన పగుళ్ళను వదిలేసి మచ్చను పట్టుకున్నాడు. అంచులు వంకరటింకరగా ఉన్నాయన్నాడు, రంగు ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట లేదన్నాడు. ముక్క తీసి పరీక్షకు పంపించాడు. మెలనోమా అని వచ్చింది, చర్మానికి వచ్చే క్యాన్సరు. పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రిలో మచ్చనూ, దాని చుట్టూ ఇంత మంచి చర్మాన్నీ కోసి తీసేశారు. విదేశాలకు పోవాల్సిన కాలు పక్క గల్లీకి కూడా కుంటుతూ పోవలసి వచ్చింది.

కట్టు విప్పే రోజు మా ఆవిడ మందుల కౌంటరు దగ్గర లైన్లో ఉంది. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ రిపోర్టు చూసి, "చాలా తొందరగా పట్టుకున్నామండీ. మచ్చ మందం మిల్లీమీటరు కూడా లేదు. ఈ దశలో అయిదేళ్ళ సర్వైవల్ చాలా బాగుంటుంది" అంది. ఆమె చెప్పినదాంట్లో నా చెవిలో మిగిలింది అయిదేళ్ళు ఒక్కటే. ఆ తర్వాత "చాలా బాగుంటుంది" అని ఎందుకందో అర్థం కాలేదు. ఉన్న అయిదేళ్ళూ బాగా గడుస్తాయని కాబోలు అనుకున్నాను. మా ఆవిడ మందులు తీసుకుని వచ్చి ఏమన్నారని అడిగితే, "బాగున్నదన్నరు" అని ఊరుకున్నాను.

దుకాణం ఎదురుగా ఉన్న చాయ్ భాయ్‌కి మాత్రం చెప్పాను.

"అయిదేండ్లేనట భాయ్."

భాయ్ చాయ్ పోయడం ఆపలేదు. "అరే అన్నా, సర్కార్‌కు సుత అయిదేండ్లే కదా. వాళ్ళు ఫికర్ చేస్తున్నరా?"

"వాళ్ళకు మళ్ళ ఎలక్షన్ ఉంటది భాయ్. నాకేముంది?"

భాయ్ అల్లం కొంచెం ఎక్కువ వేశాడు.

మా పాప అప్పుడు అయిదో తరగతి. అయిదేళ్ళంటే పదో తరగతి. నేను ఎక్కని మెట్టు పాప ఎక్కడం చూస్తాను, తర్వాత ఎటు పోతుందో చూడను. ఈ లెక్క వేసుకున్న రోజు నుంచి నాకు జోకులు మరీ ఎక్కువగా రావడం మొదలైంది. వచ్చినవాణ్ణల్లా నవ్విస్తున్నాను. ఇల్లు చేరితే అన్నం దిగడం లేదు.

బల్కంపేట ఎల్లమ్మ బోనాల ఫ్లెక్సీలతో ఊపిరాడని రోజుల్లో, ఒక మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరికింది. కంప్యూటర్ ముందు కూర్చుని నా శ్రద్ధాంజలి బోర్డు నేనే తయారు చేసుకోవడం మొదలుపెట్టాను. ఎందుకంటారా? పక్క దుకాణం వాడికి వదిలేస్తే నన్ను ఆకుపచ్చ రంగులో అచ్చేస్తాడు. పోయాక వాణ్ణి మందలించలేను కానీ, పోకముందే సరిచేసుకోవచ్చు కదా. పెళ్ళినాటి ఫొటో పెట్టి, మెడలో దండ వేసి, ముఖం రెండు పాళ్ళు తెల్లగా చేశాను. వెనక టిఫిన్ డబ్బా చప్పుడయింది. మా ఆవిడ ఎప్పుడు వచ్చిందో తెలియదు.

బోర్డును పైనుంచి కిందికి చూసింది. "ఫొటో మంచిగున్నది. సచ్చినంక గింత తెల్లగయితవా?" అంది. డబ్బా కింద పెట్టి నా పక్కకు వచ్చి నిలబడింది. అసలు సంగతి చెప్పక తప్పలేదు. ఆమె నా చేతిలోంచి మౌసు గుంజి పక్కన పడేసి, "నడువ్. ఆ డాక్టరమ్మనే అడుగుదం. ఆమె గట్ల అనకుంటే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిల దింపొస్త నిన్ను" అంది.

డాక్టరమ్మ గదిలో కూడా మొదట నోరు విప్పింది ఆమే.

"అమ్మా, గీయన అయిదేండ్లల్ల పోతడా? బోర్డు సుత చేసుకున్నడు."

"అయిదేళ్ళకే పోతారని నేనెప్పుడన్నానండీ?" డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "చూడండి, మీలాగే పలుచటి మచ్చ ఉన్నవాళ్ళని ఒక వందమందిని అనుకోండి. అయిదేళ్ళయ్యాక వాళ్ళలో ఎంతమంది ఉన్నారని చూస్తాం. అది మేం ఆగి చూసిన చోటు, అంతే. పదేళ్ళకీ చూస్తారు, ఇరవై ఏళ్ళకీ చూస్తారు."

"అంటే టోల్ గేటు లెక్కనా మేడమ్? బండ్లు లెక్కపెడ్తరు గని, అక్కడ్నే దిగిపొమ్మనరు."

"అదేనండీ. మరి మీరెందుకు దిగిపోయారు?"

వందలో ఎంతమంది అని అడిగాను. ఒక అంకె చెప్పింది. దాన్ని ఇక్కడ రాయను. అది నా మచ్చకు చెప్పిన అంకె, మీ మచ్చ సంగతి మీ డాక్టరు చెప్పాలి. చాలా పెద్ద అంకే, కానీ వంద కాదు.

మా ఆవిడకు నచ్చలేదు. "వంద ఎందుకు కాదమ్మా? మా ఆయన కొట్టే కోచింగ్ బోర్డుల మీద నూటికి నూరు మందికి ఉద్యోగమనే ఉంటది."

ఆ నూటికి నూరు ఎలా తయారవుతుందో నాకు తెలుసు. ఉద్యోగం రానివాణ్ణి మా కోచింగ్ సార్లు "వాడు కోర్సు పూర్తి చెయ్యలేదు, మా స్టూడెంటే కాదు" అంటారు. వచ్చినవాళ్ళే స్టూడెంట్లు. అందుకే డాక్టరమ్మను కూడా కొంచెం గోకాను. "మేడమ్, మీరు సుత గంతేనా? పోయినోళ్ళను మా పేషెంట్లే కాదంటరా?"

"మా దగ్గర పోయినవాళ్ళ పేర్లే ముందు రాస్తామండీ. వాళ్ళని దాచేస్తే ఇంక లెక్క దేనికి?"

"నడుమల వచ్చుడు బంద్ చేసినోళ్ళు?"

"కనబడిన చివరి రోజు దాకా లెక్కలో ఉంటారు. ఆ తర్వాత బతికారనీ రాయం, పోయారనీ రాయం."

"లారీ కింద పడ్డోళ్ళు?"

"అది మచ్చ మీద వెయ్యం. దానికి వేరే లెక్క ఉంటుంది. మీరు మాత్రం చౌరస్తా చూసుకుని దాటండి." అని నవ్వి, మళ్ళీ నవ్వు ఆపింది. "ఇంకో మాట కూడా వినండి. ఈ పుస్తకాల లెక్కలు ఎక్కువగా తెల్లవాళ్ళవి. అరికాలి మచ్చల లెక్క తక్కువ దొరుకుతుంది. అదీగాక ఆ వందమందిలో మీరెవరో ఏ లెక్కా చెప్పదు. ఏళ్ళ తర్వాత తిరిగొచ్చే మచ్చలూ ఉంటాయి. అందుకే రమ్మన్నప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి."

అంటే నేను పోలేకపోయినా, నా మచ్చను కొలిచే లెక్క మాత్రం విదేశాల నుంచి వచ్చిందన్నమాట.

ఆ క్షణం నా గుండె మీద నుంచి ఏదో దిగినట్టయింది. ఆమె వంద అని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. వందలు అచ్చేసి బతికేవాణ్ణి, వంద నాకు తెలియదా? వంద కాని అంకెను మొహం మీద చెప్పినవాళ్ళను నేను చూడటం అదే మొదలు. మా పాప పదో తరగతి దాటి ఇంటరుకు ఏ కాలేజీకి పోతుందో అని అక్కడే, ఆ కుర్చీలోనే ఆలోచన వచ్చింది.

బయటికి వచ్చాక మా ఆవిడ ఆటో కోసం చెయ్యి ఊపుతుంటే, ఇక నా నోరు ఆగలేదు.

"విన్నవా? నా అసొంటోళ్ళు మస్తుమంది పదేండ్లు, ఇరవయ్యేండ్లు నిమ్మళంగ ఉన్నరట!"

ఆమె ఆటో మీద నుంచి చూపు తిప్పకుండానే అంది:

"వాళ్ళుంటరు. వాళ్ళ పెండ్లాలు ఎంతమంది మిగిలిన్రో అడిగినవా?"